కాఫీ సెట్టు, ఆడపిల్ల, గ్రౌండు

1989 జులైలో పశ్చిమ జర్మనీ మహిళల జట్టు నార్వేని 4-1తో ఓడించి యూరప్ ఛాంపియన్ అయింది. ఓస్నాబ్రూక్ స్టేడియంలో ఇరవై వేలమందికి పైగా జనం. గెలిచినందుకు వాళ్ల ఫుట్‌బాల్ సంఘం ఒక్కో క్రీడాకారిణికి ఇచ్చిన బహుమానం ఏమిటో తెలుసా? ఒక కాఫీ సెట్టు. కప్పులు, సాసర్లు, వాటి మీద పూలు.

ఈ కథ చెప్పుకుని నవ్వుకోవడం తేలికే. కానీ ఆ కప్పుల వెనక పదిహేనేళ్ల నిషేధం ఉంది. 1955 జులైలో జర్మన్ ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్ల ఆటని తన క్లబ్బుల్లో నిషేధించింది. ఆడవాళ్ల ఒంటికీ, మనసుకీ, మర్యాదకీ ఫుట్‌బాల్ పనికిరాదన్నారు. నన్ను ఆపింది ఆ కారణాలు కాదు, నిషేధాన్ని అమలు చేసిన తీరు. జైళ్లు లేవు. క్లబ్బులు ఆడవాళ్లకి గ్రౌండు ఇవ్వకూడదు, రిఫరీలు వాళ్ల మ్యాచ్‌లకి వెళ్లకూడదు. అంతే. ఐనా వాళ్లు ఆడుతూనే ఉన్నారు. 1970 అక్టోబర్లో నిషేధం ఎత్తేసినప్పుడు కూడా షరతులు పెట్టారు: సగానికి ముప్పై నిమిషాలే, చలికాలమంతా సెలవు, మేకుల బూట్లు వద్దు.

మాది నందిగామ. జగ్గయ్యపేట, నందిగామ అంటే కృష్ణా జిల్లా మెట్ట. జిల్లాల విభజన తర్వాత ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ, మా నోటికింకా అలవాటు కాలేదు. పత్తి, మిర్చి, సిమెంటు, హైదరాబాద్ హైవే. ఇక్కడ ఆడపిల్లల ఫుట్‌బాల్‌ని ఎవరూ ఎప్పుడూ నిషేధించలేదు. నిషేధించాల్సిన అవసరం రాలేదు. నేను చదువుకున్న బడిలో గ్రౌండు ఉండేది. సాయంత్రం అయ్యేసరికి అది మగపిల్లల క్రికెట్‌కి పోయేది. మాకు మిగిలింది గోడ పక్క జాగా, అక్కడ ఖోఖో, టెన్నికాయిట్. అక్కడ పెద్ద బంతి తన్నాలన్న ఆలోచన కూడా రాదు. గ్రౌండూ రిఫరీ దొరక్కుండా చేయడానికి జర్మనీ వాళ్లు తీర్మానం రాసుకున్నారు. మనకి అలవాటే సరిపోయింది.

తెలుగునాట ఫుట్‌బాల్ చరిత్ర లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్ స్వర్ణం, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం. ఈమధ్య హిందీలో సినిమా కూడా వచ్చింది. ఐతే ఈ కథలో ఆడవాళ్లు ఒక్కరూ కనబడరు. దేశం సంగతి మాత్రం వేరు. 1980లో కాలికట్‌లో జరిగిన మహిళల ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మన జట్టు రన్నరప్. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రన్నరప్. ఆ తర్వాత మహిళలకో జాతీయ లీగ్ మొదలయ్యేసరికి 2017 వచ్చింది.

అందుకే గుగులోతు సౌమ్య పేరు మొదటిసారి చదివినప్పుడు నేను ఆటకన్నా ముందు ఇంటిపేరు దగ్గర ఆగాను. మా పక్కన ఎ.కొండూరు తండాల్లో వినిపించే లంబాడా ఇంటిపేరు అది. సౌమ్యది నిజామాబాద్ జిల్లా, 2001లో పుట్టింది. మొదట పరుగు పందాల పిల్ల. ఆ వేగం చూసి కోచ్ గొట్టిపాటి నాగరాజు ఫుట్‌బాల్ వైపు మళ్లించారు. ఫార్వర్డ్‌కి వేగం ఒక్కటే చాలదు. డిఫెండర్ ఎటు వాలుతున్నాడో కనిపెట్టి రెండో వైపుకి దూరాలి, అదీ బంతి పాదానికి అంటుకుని ఉండగానే. అది ఒంటరిగా పరుగెత్తితే వచ్చేది కాదు. ఎదురుగా పదకొండుమంది కావాలి, వారం వారం మ్యాచ్‌లు కావాలి.

ఆ మ్యాచ్‌ల కోసం ఆమె ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి. ముంబైలో కెంక్రే క్లబ్. కోజికోడ్‌లో గోకులం కేరళ. ఏకంగా క్రొయేషియా, డైనమో జాగ్రెబ్. ఆ తర్వాత కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, అక్కడ 2024-25లో జాతీయ లీగ్ టైటిల్. ఆ సీజన్‌కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా ఆమెకే ఇచ్చారు. 2025 జులైలో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, మన మహిళలు అర్హత పోటీల దారిలో మొట్టమొదటిసారి ఆసియా కప్‌కి చేరారు. ఆ పోటీల జట్టులో సౌమ్య ఉంది. మంగోలియాని 13-0తో ఓడించిన మ్యాచ్‌లో ఆమె గోల్స్ కూడా ఉన్నాయి.

ఇప్పుడు దీని పక్కన ఇంకో ఫార్వర్డ్ కెరీర్ పెట్టి చూద్దాం. బిర్గిట్ ప్రింజ్. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. పదహారేళ్లకే జర్మనీ జట్టులోకి వచ్చింది. 214 మ్యాచ్‌లు, 128 గోల్స్. 2003, 2007 ప్రపంచ కప్పులు. వరసగా మూడేళ్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి. ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ఆశ్చర్యం వేసింది వేరే సంగతికి. మధ్యలో కొన్నాళ్లు అమెరికాలో ఆడింది తప్పిస్తే, ఆమె పెద్ద క్లబ్ కెరీర్ అంతా పుట్టిన ఊళ్లోనే గడిచింది. ప్రపంచంలోకెల్లా గొప్ప ఫార్వర్డ్‌కి ఊరు దాటాల్సిన పని పడలేదు. 2003లో ఇటలీ నుంచి పెరూజా వాళ్లు తమ మగవాళ్ల జట్టులో ఆడమని పిలిచారు. ఆమె వద్దంది. వద్దనగలిగింది, ఎందుకంటే ఇంటి దగ్గర జట్టుంది, లీగ్ ఉంది. ఆట మానేశాక సైకాలజీ చదువుతో హోఫెన్‌హైమ్ క్లబ్‌లో సైకాలజిస్టుగా చేరింది. ఆటలో ఉన్న మనిషికి ఆటలోనే ఇంకో కుర్చీ దొరికింది.

ప్రింజ్ పెద్దదా, సౌమ్య పెద్దదా అన్న ప్రశ్న కాదిది. సౌమ్య ఒంట్లో ఆట ఉంది, అది జాగ్రెబ్ వాళ్లకి కూడా కనిపించింది. నేను కొలుస్తున్నది దూరం. ఒక ఆడపిల్ల తన ఆట తను ఆడటానికి ఇంటి నుంచి ఎంత దూరం పోవాలి? ప్రింజ్‌కి ఆ దూరం ఒక ఊరంత. సౌమ్యకి ఆ ఊళ్లన్నీ కలిపితే రెండు ఖండాలు, అందులో తెలుగు ఊరు ఒక్కటీ లేదు. మనం గర్వంగా రాసుకునే ప్రతి పెద్ద క్లబ్ పేరూ ఆమె వదిలి వెళ్లిన దూరానికి గుర్తు కూడా.

ఇది ఆమె గొప్పతనాన్ని తగ్గించడం కాదు. గొప్ప వాళ్లు దూరాలు దాటేస్తారు. దాటలేని వాళ్ల లెక్కే ఎక్కడా రాసి ఉండదు. నిషేధించిన చోట కనీసం తేదీ ఉంటుంది: 1955లో మొదలైంది, 1970లో ఎత్తేశారు. తేదీ ఉంది కాబట్టి వాళ్లు సిగ్గుపడగలరు, కాఫీ సెట్టు కథ చెప్పుకోగలరు. మనకి ఎత్తేయడానికి తీర్మానం లేదు. సాయంత్రం నాలుగున్నరకి బడి గ్రౌండు ఎవరికి దక్కుతుందన్న మామూలు ప్రశ్న ఉంది. తండా నుంచి వచ్చే పిల్ల పరుగు చూడగలిగిన కోచ్ ఒకరు ప్రతి మండలానికీ ఉన్నారా అన్న ప్రశ్న ఉంది. నిజామాబాద్‌లో ఒకరు చూశారు. అందుకే ఆ పిల్ల పేరు మనకి తెలిసింది.

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవేకి అటూ ఇటూ ఎన్ని బడులున్నాయో, వాటి గ్రౌండ్లలో గోడ పక్కన నిలబడి చూసే ఆడపిల్లలు ఎంతమందో, ఆ లెక్క మొదలుపెట్టడానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు.