పూర్వీకుల అన్వేషణ: సోమాజిగూడ, పరిసరాలు

వంశవృక్షంలోని పేర్లకు ఆనాటి వృత్తి, వలస, రోగాలు, భూమి వివరాలు జోడించి వారి బతుకు తెలుసుకోవడమే పూర్వీకుల అన్వేషణ. హైదరాబాదులోని సోమాజిగూడ పాత కుటుంబాలు ఇల్లు మారిన కారణాలు వెతికేటప్పుడు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పనులు తప్పక చూడాలి.

నిజాం సర్కారు పాత కాగితాలు ఫార్సీలో, 1884 తర్వాతవి ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. వాటిలో తేదీ ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరంలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు 1318 ఫసలీ 1908 అక్టోబరులో మొదలైంది. ఆ ‘ఇంచుమించు’ మరిచారా, తాతగారి వయసు ఏడాది అటూఇటూ అయినట్టే!

భూమికి 1954-55 నాటి భూమి లెక్కల పుస్తకం ఖాస్రా పహాణీ గట్టి ఆధారం. పాత దస్తావేజులు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన భాండాగారంలో ఉన్నాయి. రెడ్ల గోత్రాలు, వంశకథలు వారిని ఆశ్రయించిన కథకులైన పిచ్చికుంట్లవారు చెబుతారు. దాతలను పొగిడే కథలు కనుక, దొరికినచోట కాగితంతో సరిచూడాలి.