సీఐబీ క్వార్టర్స్ వరద ఇళ్లు కావు

హైదరాబాద్ మల్లేపల్లిలోనూ ఆజంపురాలోనూ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు (సీఐబీ) క్వార్టర్స్ ఒక్కొక్కటే నేలమట్టమై, ఆ చోట అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఇళ్లు పోతున్నాయి సరే, వాటి పుట్టుక కథ కూడా తప్పుగానే స్థిరపడిపోతోంది. మూసీ వరదలో ఇల్లూ వాకిలీ పోయినవాళ్ల కోసం నిజాం కట్టించాడని నగర చరిత్ర రాసేవాళ్లు ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు. పాత పేటల వాళ్లు ఆ వాక్యాన్ని ఒప్పుకోకూడదు.

వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది 1912లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడాది. కొంప మునిగినవాడు నాలుగేళ్లు ఆకాశం కింద కూర్చుంటాడా? ఈ రెంటికీ నడుమ, 1911లో ప్లేగు వచ్చింది. వరద గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్లు ప్లేగును ఒక్క మాటతో దాటేస్తారు. గాలాడని గదులు, మురుగు నిలిచే గల్లీలు ఎంత ప్రమాదమో సర్కారుకు నేర్పింది ఆ ప్లేగే.

ఇళ్లు ఎక్కడ కట్టారో చూసినా సంగతి తెలుస్తుంది. ఏరు మింగేసింది కోల్సావాడిని, అఫ్జల్‌గంజ్‌ను, ఘాన్సీబజార్‌ను. క్వార్టర్స్ లేచింది ఒక్క ఏటిగట్టున కాదు. నాంపల్లి, మల్లేపల్లి, మొఘల్‌పురా, సుల్తాన్‌షాహి పేర్లన్నీ క్వార్టర్స్ కట్టిన పేటల జాబితాలో ఉన్నాయి. ఇరుకు పేటను ఖాళీ చేయించడం, గల్లీని వెడల్పు చేయడం, మోరీలు వేయడం, వెలుతురు పడే ఇళ్లు కట్టి అద్దెకివ్వడం బోర్డు పద్ధతి. ఇళ్లలో తరగతులూ ఉండేవి. సాయంగా ఇచ్చే ఇళ్లకు తరగతులు, అద్దెలు ఎందుకు?

వరద లేకపోతే బోర్డే లేదన్న వాదనలో కొంత నిజముంది. 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చింది వరద వల్లే. ఆయన సలహాతోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. కానీ పుస్తకాల్లో పొగడ్తంతా ఆనకట్టలకు, విన్సెంట్ ఎష్ గీసిన హైకోర్టుకు, ఉస్మానియా ఆసుపత్రికే దక్కింది. బోర్డు పని చెప్పాల్సి వస్తే పత్తర్‌గట్టీ కమాన్ల దగ్గర, 1935 నాటి మొజంజాహి మార్కెట్ దగ్గర ఆగిపోతారు. మామూలు సంసారాలు కాపురమున్న వీధుల దాకా రారు. ఇది అన్యాయం.

ఈ తగవు పాత కాగితాలకే పరిమితం కాదు, ఇవాళ్టిది కూడా. 2024లో మూసీ గట్టునున్న చాదర్‌ఘాట్, మూసానగర్ ఇళ్ల గోడల మీద కూల్చివేతకు గుర్తుగా ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. వరద కథ ఒక్కటే నమ్మితే జనాన్ని ఎత్తి ఎక్కడో పడేయడమే ఈ నగర సంప్రదాయమనిపిస్తుంది. బోర్డు కథ వేరు: పేటనే బాగుచేయాలన్నది దాని ఆలోచన. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో మురికివాడ ఉన్నచోటే 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. ఆజంపురాకు కూతవేటు దూరంలోని పిల్లిగుడిసెల్లో 2021లో 288 ఇళ్లు అలాగే వచ్చాయి. పాత చుట్టుపక్కలవాళ్లే మళ్లీ ఇరుగుపొరుగయ్యారు.

మిగిలిన సీఐబీ ఇళ్లలో కొన్నింటినైనా వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చాలి. కూల్చక తప్పనివాటికి ముందే నక్ష గీయించి, ఫొటోలు తీయించి, పాత అద్దె కాగితాలతో కలిపి హౌసింగ్ బోర్డు భద్రపరచాలి.