లినక్స్‌లో నెట్‌వర్కు ప్రింటరు సమస్యలు

ఒకే ప్రింటరును స్థానిక నెట్‌వర్కులోని అనేక కంప్యూటర్లు ఉపయోగించుకొనే ఏర్పాటును నెట్‌వర్కు ప్రింటింగు అంటారు. లినక్స్ కంప్యూటర్లలో ఈ పనిని సాధారణంగా కప్స్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు నిర్వహిస్తుంది. పాఠశాలల కంప్యూటరు గదులలోను, చిన్న కార్యాలయాలలోను ఉండేది ఒక్క ప్రింటరే కనుక అది మొరాయిస్తే అందరి పనీ ఆగుతుంది. అటువంటప్పుడు చాలామంది మొదట చేసే పని డ్రైవరును తీసివేసి మళ్ళీ స్థాపించడం. కాని దోషం తరచు వేరేచోట ఉంటుంది.

చరిత్ర

కప్స్ రచనను మైకేల్ స్వీట్ 1997లో ప్రారంభించాడు. అది 1999లో వెలువడింది. ఆపిల్ సంస్థ 2002లో దానిని తన మాక్ ఓఎస్ టెన్‌లో చేర్చుకొని, 2007లో సోర్సు కోడు హక్కులను కొనుగోలు చేసింది. స్వీట్ 2019లో ఆపిల్‌ను వీడాడు. తరువాత లినక్స్ పంపిణీలు వాడే కప్స్ అభివృద్ధి ఓపెన్ ప్రింటింగ్ ప్రాజెక్టు చేతికి వచ్చింది.

స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమ చరిత్రలోనూ ఒక నెట్‌వర్కు ప్రింటరుకు స్థానముంది. ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్, కాగితం ఇరుక్కున్నప్పుడు ముద్రణ కోసం వేచియున్న వారికి సందేశం వెళ్ళేటట్లు పాత ప్రింటరు ప్రోగ్రామును సవరించాడు. 1980 ప్రాంతంలో వచ్చిన జిరాక్స్ లేజరు ప్రింటరుకు సోర్సు కోడు లభించకపోవడంతో ఆ సౌకర్యాన్ని దానికి చేర్చలేకపోయాడు.

దోషం ఎక్కడుందో గుర్తించడం

ముద్రణకు పంపిన పత్రం మొదట కంప్యూటరులోని వరుసలో చేరుతుంది. అక్కడినుండి ప్రింటరు కలిపియున్న సర్వరుకు వెళ్ళి, ప్రింటరుకు అర్థమయ్యే రూపంలోకి మారి, చివరకు ప్రింటరును చేరుతుంది. కనుక ముందుగా సర్వరు నుండే ఒక పరీక్ష పుటను ముద్రించి చూడాలి. అది సక్రమంగా వస్తే ప్రింటరు, డ్రైవరు రెండూ బాగున్నట్లే. లోపం పంచుకొనే ఏర్పాటులోనో నెట్‌వర్కులోనో ఉన్నది. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది.

ఆగిపోయిన వరుస

ఒకసారి కాగితం అయిపోయినా, తీగ ఊడిపోయినా కప్స్ ఆ వరుసను నిలిపివేయవచ్చు. కాగితం పెట్టిన తరువాత కూడ అది దానంతట అది కదలకపోవచ్చు. ఎల్‌పీస్టాట్ అనే ఆదేశంతో స్థితి తెలుస్తుంది. వరుస నిలిచిపోవడం, వరుస తిరస్కరించడం వేరువేరు. మొదటిదానిలో పత్రాలు చేరుతూనే ఉంటాయి గాని ముద్రణ కావు. రెండవదానిలో కొత్త పత్రాలు చేరనే చేరవు. మొదటిదానికి కప్స్ఎనేబుల్, రెండవదానికి కప్స్ఆక్సెప్ట్ అనే ఆదేశాలున్నాయి. వరుసను తిరిగి నడిపేముందు నిలిచియున్న పత్రాలను ఒకసారి చూడడం మంచిది. ముద్రణ రాలేదని ఒకే పత్రాన్ని పదిసార్లు పంపినవారుంటే, అవన్నీ ఒక్కసారిగా బయటకు వస్తాయి. వాటిలో ప్రశ్నపత్రం వంటిదుంటే చిక్కు కాగితం ఖర్చుతో పోదు.

చిరునామా, ఫైర్‌వాల్

నిన్నటివరకు పనిచేసిన ప్రింటరు కరెంటు పోయి వచ్చిన తరువాత కనబడకపోతే, రూటరు దానికి కొత్త ఐపీ చిరునామా ఇచ్చిందేమో చూడాలి. ప్రింటరుకు స్థిరమైన చిరునామాను కేటాయించడమే దీనికి శాశ్వత పరిష్కారం.

సర్వరులో పంచుకొనే ఐచ్ఛికం ఆన్‌లో ఉన్నప్పటికీ 631వ టీసీపీ పోర్టును ఫైర్‌వాల్ మూసివేస్తే ఇతర కంప్యూటర్ల నుండి ముద్రణ జరగదు. ప్రింటర్లను తమంతట తాము కనుగొనడానికి యూడీపీ 5353 పోర్టు కూడ కావాలి. 2012లో వచ్చిన కప్స్ 1.6లో పాత అన్వేషణ పద్ధతిని తొలగించారు. అందువలన మరీ పాత లినక్స్ కంప్యూటర్లకు కొత్త సర్వరులోని ప్రింటరు కనబడకపోవచ్చు. అప్పుడు చిరునామాను స్వయంగా టైపు చేసి చేర్చుకోవాలి.

విసిగిపోయి ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేయడం తగదు. కప్స్-బ్రౌజ్డ్ అనే అనుబంధ సేవలోను, దానికి తోడైన భాగాలలోను తీవ్రమైన లోపాలున్నట్లు 2024 సెప్టెంబరులో వెల్లడైంది. యూడీపీ 631 పోర్టు ద్వారా బయటివారు నకిలీ ప్రింటరును చేర్చవచ్చునని, దానికి ఎవరైనా ముద్రణ పంపితే ఆ కంప్యూటరులో తమ ఆదేశాలను నడపవచ్చునని తేలింది. కనుక అవసరమైన పోర్టును స్థానిక నెట్‌వర్కుకు మాత్రమే తెరవాలి.

డ్రైవరు లోపాలు

అర్థంలేని అక్షరాలతో పుటల కొద్దీ కాగితాలు వచ్చినప్పుడు, లేదా "ఫిల్టర్ ఫెయిల్డ్" అనే సందేశం కనబడినప్పుడు డ్రైవరును అనుమానించవచ్చు. కప్స్ ఎర్రర్ లాగ్ ఫైలులో వివరాలుంటాయి. ఐపీపీ ఎవ్రీవేర్, ఎయిర్‌ప్రింట్ పద్ధతులను గుర్తించే ప్రింటర్లకు సాధారణంగా ప్రత్యేక డ్రైవరు అక్కరలేదు.

తెలుగు పత్రాల ముద్రణ

తెలుగులో ఉన్న సాదా పాఠ్యపు ఫైలును ఆదేశం ద్వారా నేరుగా ప్రింటరుకు పంపితే అక్షరాలకు బదులు గడులు రావచ్చు, లేదా ఒత్తులు, గుణింతాలు విడిపోవచ్చు. ఇది ప్రింటరు దోషం కాదు. అక్షరాలను కూర్చే పని ఆ మార్గంలో సరిగా జరగదు. లిబ్రేఆఫీస్ వంటి ప్రోగ్రాములో ఫైలును తెరిచి, ఫాంటు ఇమిడియున్న పీడీఎఫ్‌గా మార్చి పంపితే తెరమీద కనబడినట్లే ముద్రితమవుతుంది.