హైదరాబాదులో ఇంటి అద్దెలు, జీవన వ్యయం

తెలంగాణ రాష్ట్ర రాజధాని అయిన హైదరాబాదు దక్షిణ భారతదేశంలో వేగంగా విస్తరిస్తున్న నగరాలలో ఒకటి. ముంబై, ఢిల్లీ, బెంగళూరులతో పోల్చినపుడు తక్కువ ఖర్చుతో బ్రతకగలిగిన నగరమని దీనికి చాలాకాలం పేరు ఉండేది. 1998 తరువాత సమాచార సాంకేతిక రంగం నగరపు పడమటి శివార్లలో స్థిరపడటంతో ఇంటి అద్దెలు, వాటి వెంట తక్కిన ఖర్చులు పెరుగుతూ వచ్చినవి. ఈ పెరుగుదల నగరమంతటా ఒకే తీరుగా లేదు. ఉద్యోగాలున్న చోట ఎక్కువగాను, దూరమైన కొద్దీ తక్కువగాను ఉన్నది. అందువలన తక్కువ ఆదాయం గలవారు అద్దెలో మిగుల్చుకున్నదానిని ప్రయాణపు ఖర్చుగాను, ప్రయాణ కాలంగాను చెల్లించవలసి వస్తున్నది. అద్దెదారుల రక్షణకై 1960లో చేసిన చట్టం నేడు నగరంలోని అత్యధిక ఇళ్ళకు వర్తించకపోవటం ఈ సమస్యలో ముఖ్యమైన అంశం.

చరిత్ర

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన ఈ నగరంలో ఇళ్ళ కొరత కొత్తది కాదు. 1908 నాటి మూసీ వరదలలో వేలాది ఇళ్ళు కొట్టుకుపోయినవి. అనంతరం 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసినది. ఇరుకు బస్తీలను తొలగించుట, రోడ్లను వెడల్పు చేయుట, సామాన్యులకు ఇళ్ళు కట్టించుట ఈ సంస్థ చేపట్టిన పనులు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు మారినది. ప్రభుత్వోద్యోగుల కుటుంబాలు తరలిరావటంతో అద్దె ఇళ్ళకు గిరాకీ పెరిగినది. 1960, 1970 దశకాలలో రామచంద్రాపురం వద్ద బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్ వద్ద ఐ.డి.పి.ఎల్., కుషాయిగూడ సమీపంలో ఇ.సి.ఐ.ఎల్. వంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు వెలసినవి. ఇటువంటి సంస్థలు తమ ఉద్యోగులలో చాలామందికి క్వార్టర్లు కట్టించినవి. 1990 దశకం తరువాత వచ్చిన ప్రైవేటు కంపెనీలలో ఈ పద్ధతి లేదు. వాటి ఉద్యోగులందరూ బయట ఇల్లు వెదుక్కోవలసినవారే. నగరంలో అద్దెల తీరు మారుటకు ఈ తేడా ఒక మూలకారణం.

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాళ్ళు, గుట్టలు, సీతాఫలపు చెట్లతో నిండిన ఆ ప్రాంతం కొద్ది సంవత్సరాలలోనే హైటెక్ సిటీగా ప్రసిద్ధి పొందినది. తరువాత గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వరకు కార్యాలయాలు విస్తరించినవి. 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు పాత నగరపాలక సంస్థలో విలీనమై గ్రేటర్ హైదరాబాదు ఏర్పడినది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైనది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి (ఔటర్ రింగ్ రోడ్డు) దశలవారీగా నిర్మితమైనది.

అద్దె ఇళ్ళ పద్ధతులు

నగరంలో అద్దె ఇళ్ళు అధికభాగం చిన్న యజమానుల చేతిలో ఉన్నవి. ఉద్యోగ విరమణ తరువాత మేడపై మరొక అంతస్తు వేసి, వచ్చిన అద్దెతో జీవించే కుటుంబాలు అనేకం. పాత కాలనీలలో ఒకే ఇంటిని రెండు మూడు భాగాలుగా చేసి అద్దెకిస్తారు. ఒక్కొక్క భాగాన్ని "పోర్షన్" అంటారు. గేటుకు కట్టిన "టు-లెట్" బోర్డు చూసి ఇల్లు వెదుక్కొనుట ఇప్పటికీ ఉన్నది. మధ్యవర్తి ద్వారా వెళ్ళినవారు సాధారణంగా ఒక నెల అద్దెను కమీషనుగా ఇస్తారు.

అద్దెకు దిగేముందు ఒకటి రెండు నెలల అద్దెను అడ్వాన్సుగా ఇచ్చుట ఇక్కడి వాడుక. బెంగళూరులో చాలాకాలం పది నెలల అద్దెను అడ్వాన్సుగా తీసుకునేవారు. హైదరాబాదు చౌక నగరమని పేరు రావటానికి ఈ తేడా కూడా ఒక కారణం. అయితే పెద్ద అపార్టుమెంట్లలో అడ్వాన్సు అంతకంటె ఎక్కువగా అడుగుట కనిపిస్తున్నది.

ఒప్పంద పత్రం చాలావరకు 11 నెలలకు వ్రాసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒక సంవత్సరానికి మించిన కౌలు పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకొనుటకే ఈ 11 నెలల ఏర్పాటు. గడువు ముగిసినపుడు అద్దెను 5 నుండి 10 శాతం పెంచుట సాధారణం. ఏటా 5 శాతం పెరిగే అద్దె సుమారు 14 సంవత్సరాలకు, 10 శాతం పెరిగే అద్దె ఏడు సంవత్సరాలు దాటగానే రెట్టింపవుతుంది.

అద్దెతో పాటు అపార్టుమెంట్లలో నిర్వహణ రుసుము (మెయింటెనెన్స్), విద్యుత్ బిల్లు, కొన్నిచోట్ల నీటి ట్యాంకరు ఖర్చులో వాటా అదనం. ఖాళీ చేసేటపుడు రంగులు వేయించుటకని అడ్వాన్సులో ఒక నెల అద్దె మినహాయించుకొనుట తరచు తగాదాలకు దారితీస్తున్నది.

అద్దెకు సిద్ధపడినా ఇల్లు దొరకని సందర్భాలు కలవు. "కుటుంబాలకు మాత్రమే", "శాకాహారులకు మాత్రమే" అనే షరతులు బోర్డులపైనే కనిపిస్తాయి. అవివాహితులు, ఒంటరి మహిళలు, కొన్ని కులాల, మతాల వారు అడిగిన అద్దె ఇవ్వగలిగినా తిరస్కారానికి గురవుతుంటారు. అటువంటివారు దొరికిన చోట ఎక్కువ అద్దెకు ఒప్పుకోవలసి వస్తున్నది.

అద్దెలు పెరుగుటకు కారణాలు

* ఉద్యోగాల కేంద్రీకరణ: ఐ.టి. కార్యాలయాలలో అధికభాగం పడమటి వైపు ఉండుటచే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, కూకట్‌పల్లి ప్రాంతాలలో గిరాకీ ఎక్కువ. ఉప్పల్, నాగోల్, ఎల్.బి. నగర్ వంటి తూర్పు ప్రాంతాలలో అద్దెలు తక్కువ.
* వలస: 2001 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు నగర సముదాయపు జనాభా సుమారు 57 లక్షలు. 2011 నాటికి అది 77 లక్షలు దాటినది. తెలుగు జిల్లాల నుండియే కాక బీహారు, ఒడిషా, ఉత్తర ప్రదేశ్, పశ్చిమ బెంగాల్ తదితర రాష్ట్రాల నుండి కూడా పనివారు వస్తున్నారు.
* భూమి ధర: 2023 ఆగస్టులో కోకాపేట ప్రభుత్వ భూముల వేలంలో ఒక ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికినది. ఇంత ధర పెట్టి కొన్న స్థలంలో చిన్న అద్దె ఇళ్ళు కట్టుట గిట్టుబాటు కాదు. అక్కడ విశాలమైన ఫ్లాట్లే వస్తున్నవి. సొంత ఇల్లు కొనలేనివారు అద్దె ఇళ్ళలోనే కొనసాగుటచే గిరాకీ ఇంకా పెరుగుతున్నది.
* కరోనా అనంతర పరిస్థితి: 2020, 2021లలో ఇంటి నుండి పని, విద్యాసంస్థల మూసివేత వలన మాదాపూర్, అమీర్‌పేట హాస్టళ్ళు ఖాళీ అయినవి. కొందరు యజమానులు అద్దె తగ్గించారు. 2022లో కార్యాలయాలు తిరిగి తెరవటంతో గిరాకీ ఒక్కసారిగా వచ్చి, అద్దెలు మునుపటికంటె పైకి వెళ్ళినవి.

పెరుగుదలను కొంత అదుపులో ఉంచిన అంశాలు కూడా ఉన్నవి. ముంబై వలె సముద్రం అడ్డు లేనందున నగరం అన్ని వైపులకు విస్తరించగలుగుతున్నది. 2006లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు స్థలపు విస్తీర్ణాన్ని బట్టి కట్టడపు వైశాల్యాన్ని నిర్ణయించే పరిమితిని తొలగించినవి. రోడ్డు వెడల్పు, చుట్టూ విడువవలసిన ఖాళీ జాగా సరిపోయినచో ఎక్కువ అంతస్తులు కట్టవచ్చును. దీని వలన ఇళ్ళ సంఖ్య పెరిగినది. అదే సమయంలో నీరు, మురుగు కాలువలు, రోడ్లపై భారం కూడా పెరిగినది.

ఇతర జీవన వ్యయం

రవాణా: నగరంలో ఆర్టీసీ బస్సులు, 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, 2017 నవంబరు 28న ప్రారంభమైన మెట్రో రైలు ప్రధాన రవాణా సాధనాలు. 2025 మే నెలలో మెట్రో చార్జీలు పెరిగినవి. అంతకుముందు 10 నుండి 60 రూపాయలుగా ఉన్న టికెట్టు, పెంపుపై ఇచ్చిన 10 శాతం రాయితీ తరువాత 11 నుండి 69 రూపాయలైనది. మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళగలిగిన దూరంలోని ఇళ్ళకు అద్దె ఎక్కువ.

ఆహారం: రైతులు నేరుగా అమ్ముకునే రైతు బజార్లు 1999లో ప్రారంభమైనవి. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి రైతు బజార్లు మధ్యతరగతి కుటుంబాలకు ఊరట. నగరపు ఆనవాలైన ఇరానీ చాయ్ ధర 2022లో పలు హోటళ్ళలో 15 రూపాయల నుండి 20 రూపాయలకు చేరినది.

చదువు, వైద్యం: ప్రైవేటు పాఠశాలల రుసుములు, ఆస్పత్రి ఖర్చులు కుటుంబ వ్యయంలో అద్దె తరువాత పెద్ద పద్దులు. పిల్లల బడికి దగ్గరగా ఉండవలసి రావటంతో అద్దె పెరిగినా ఇల్లు మారలేని కుటుంబాలు చాలా ఉన్నవి.

ప్రభావం

అద్దెల పెరుగుదల అందరిపై సమానంగా పడదు. ఒక లెక్క చూచిన ఈ సంగతి తెలియును. నెలకు 25,000 రూపాయల జీతం గల వ్యక్తి 10,000 రూపాయల అద్దె కడుతున్నాడనుకొందము. అద్దె జీతంలో 40 శాతం. అద్దె ఏటా 10 శాతం, జీతం 5 శాతం చొప్పున పెరిగిన యెడల ఐదేళ్ళకు అద్దె సుమారు 16,100, జీతం సుమారు 31,900 రూపాయలగును. అనగా జీతంలో సగం అద్దెకే పోవును. జీతం కూడా ఏటా 10 శాతం పెరిగే ఉద్యోగికి మాత్రం అద్దె 40 శాతంగానే ఉండును. ఒకే వీధిలో ఉండే ఇద్దరిలో ఒకరు ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చుట ఈ విధంగానే జరుగుతుంది.

ఐ.టి. ప్రాంతంలోని కార్యాలయాలను శుభ్రం చేసేవారు, కాపలాదారులు, వంటవారు, డ్రైవర్లు ఆ ప్రాంతంలో అద్దె భరించలేక దూరపు బస్తీలలో ఉండి వస్తున్నారు. అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలలో పోటీ పరీక్షలకు, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకు వచ్చే గ్రామీణ విద్యార్థులు ఒక గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటారు. ఉద్యోగ ప్రకటన ఆలస్యమైన ప్రతి నెలా వారి తల్లిదండ్రులకు అదనపు అద్దె భారమే.

అద్దె నియంత్రణ చట్టం

1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం సముచితమైన అద్దెను నిర్ణయించమని కోరే హక్కును అద్దెదారుకు ఇచ్చినది. అద్దె బకాయి, సొంత అవసరం వంటి నిర్దిష్ట కారణాలు చూపకుండా ఖాళీ చేయించరాదు. నీరు, విద్యుత్తు వంటి సౌకర్యాలను యజమాని నిలిపివేయరాదు. హైదరాబాదులో ఈ తగాదాలను సిటీ స్మాల్ కాజెస్ కోర్టులోని రెంట్ కంట్రోలర్ విచారిస్తారు.

2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు మించిన భవనాలకు ఈ చట్టం వర్తించదు. నేడు నగరంలో ఒక చిన్న పోర్షనుకు కూడా ఆ మొత్తం చాలదు. కనుక అత్యధిక అద్దెదారులు ఈ రక్షణకు వెలుపల ఉన్నారు. వారికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. దాని ప్రకారం నెలవారీ అద్దె ఇంటిని, విరుద్ధమైన ఒప్పందం లేనపుడు, 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చును. అద్దె పెంపుపై అందులో పరిమితి లేదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించినది. నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని, అద్దె పెంచుటకు మూడు నెలల ముందు వ్రాతపూర్వకంగా తెలుపవలెనని ఇందులో ఉన్నది. అయితే రాష్ట్రాలు తమ శాసనసభలలో చట్టం చేసుకొనినపుడే ఇది అమలులోకి వస్తుంది.

ప్రభుత్వ చర్యలు

రాష్ట్ర ప్రభుత్వం 2015 నుండి రెండు పడక గదుల ఇళ్ళ పథకాన్ని అమలు చేసినది. దీనిలో భాగంగా నగరం వెలుపల కొల్లూరులో 15,660 ఇళ్ళ సముదాయం 2023 జూన్‌లో ప్రారంభమైనది. 2014లో 5 రూపాయలకు భోజనం అందించే కేంద్రాలు మొదలైనవి. 2021 జనవరిలో నెలకు 20,000 లీటర్ల ఉచిత మంచినీటి పథకం, 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం, 2024లో అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ప్రారంభమైనవి. విద్యుత్ పథకం అద్దెకుండే అర్హులకు కూడా వర్తిస్తుంది. ఇవి ఇతర ఖర్చులను తగ్గించే పథకాలు. అద్దెను నేరుగా తగ్గించేవి కావు.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఇంటి అద్దె భత్యం విషయంలో హైదరాబాదు అత్యున్నతమైన 'ఎక్స్' తరగతికి చెందినది. 2024 జనవరి నుండి ఈ భత్యం మూలవేతనంలో 30 శాతం. ప్రైవేటు రంగంలో, అసంఘటిత రంగంలో పనిచేసేవారిలో అధికులకు ఇటువంటి నిర్ణీత భత్యం లేదు.

ఇవి కూడా చూడండి

* హైదరాబాదు
* హైటెక్ సిటీ
* హైదరాబాదు మెట్రో రైలు
* రైతు బజారు
* ద్రవ్యోల్బణం