పాత ఇండ్ల గోడలు: తాపీ మరమ్మతు, సంరక్షణ

సరిహద్దు జిల్లాల తెలుగు పల్లెలలో నేటికీ కాపురమున్న గృహాలు అనేకం సిమెంటు రాకకు పూర్వం కట్టినవి. మన దేశంలో సిమెంటు తయారీకి 1904లో మద్రాసులో ప్రయత్నం జరిగింది. 1914లో పోరుబందరులో ఉత్పత్తి స్థిరపడింది. అది పల్లెలకు చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అంతవరకు గోడను నిలిపినవి సున్నం, బంకమన్ను, ఇసుక, ఇటుకపొడి మాత్రమే. ఇట్టి గోడకు జబ్బు చేసినప్పుడు నేడు సాధారణంగా జరిగే చికిత్స సిమెంటు పూత. పెక్కు ఇండ్లు వయసు వలన కంటె ఈ చికిత్స వలననే త్వరగా శిథిలమగుచున్నవి. కూల్చి కట్టే స్తోమత లేని కుటుంబానికి, తాతలనాటి ఇంటిని నిలుపుకోవాలన్న కుటుంబానికి, గోడ స్వభావం తెలిసియుండడం అత్యవసరం.

ప్రాంతాన్ని బట్టి కట్టుబడి

బళ్లారి, రాయచూరు, పావగడ ప్రాంతాలలో మట్టి మిద్దెలు ప్రసిద్ధం. రాతిని మట్టితో పేర్చిన మందపాటి గోడలు, వాటిపై దూలాలు, దంతెలు, ఆపైన చవుడు మన్ను కప్పు. కోలారు, హోసూరు, కృష్ణగిరి వైపు నల్లరాతి కూసాలు, చప్పటి బండలు గోడకూ కప్పుకూ వాడినారు. బండల మధ్య సందులను సున్నపు గారతో పూడ్చినారు. బరంపురం, పర్లాకిమిడి ప్రాంతంలో ఇటుక గోడలు, కొన్నిచోట్ల లాటరైట్ ఎర్రరాతి గోడలు, పైన పెంకు కప్పు కనిపిస్తాయి. సిరొంచ, రాజురా వైపు మట్టి లేక ఇటుక గోడలు, టేకు దూలాలు, గూన పెంకులు వాడుక. యానాములో డంగు సున్నంతో కట్టిన ఇటుక గోడలు ఎక్కువ. అక్కడ ఉప్పుగాలి ప్రభావం అదనం.

సామగ్రి కొనేటప్పుడు, పనివారిని పిలిచేటప్పుడు ఇరుగు భాషల మాటలు తెలిసియుండుట మేలు. సున్నాన్ని కన్నడంలో సుణ్ణ, తమిళంలో సుణ్ణాంబు, ఒడియాలో చూన, మరాఠీలో చునా అంటారు. తాపీ మేస్త్రిని తమిళులు కొత్తనార్ అని, మరాఠీవారు గవండి అని, ఒడియావారు రాజమిస్త్రి అని పిలుస్తారు. కన్నడంలో తాపీపనిని గారె కెలస అంటారు.

సున్నపు గోడ స్వభావం

సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చగా పొడిసున్నం వస్తుంది. దానికి నీరు తగలగానే బుసబుస పొంగి, వేడెక్కి, విచ్చుకొని తడిసున్నమవుతుంది. గారగా గోడకెక్కిన పిదప అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నెమ్మదిగా మళ్లీ రాయిగా మారుతుంది. ఈ మార్పుకు వారాలు, లోపలి పొరలకు నెలలు పడతాయి. సన్నని ఇటుకపొడిని కలిపితే తడిలోనూ గట్టిపడే గుణం వస్తుంది. పూర్వులు సుర్ఖీ వాడినది అందుకే.

ఇట్టి గార ఇటుక కంటె కొంచెం మెత్తన. ఎండకు, చలికి గోడ కదిలినప్పుడు ఆ కదలికను గారే భరిస్తుంది. లోపలి చెమ్మ దాని సూక్ష్మరంధ్రాల ద్వారా ఆవిరై పోతుంది. సిమెంటు పూత ఇటుక కంటె గట్టిది, ఆవిరిని సులభంగా వదలదు. నేలనుండి ఎక్కిన చెమ్మ పూత వెనుక నిలుస్తుంది. అందులో కరిగిన ఉప్పు ఇటుక లోపలనే స్ఫటికాలుగా గట్టిపడి దాని ముఖాన్ని పొడిపొడిగా రాల్చుతుంది. పైకి పూత నున్నగా కనిపిస్తూనే ఉంటుంది. తట్టితే బోలుగా పలుకుతుంది. కొన్నేండ్లకు పలకలు పలకలుగా ఊడిపడినప్పుడు వెనుక ఇటుక సగం కరిగియుంటుంది. మట్టిగోడకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. సిమెంటు మట్టికి అంటదు, వెనుక చేరిన నీరు గోడ పాదాన్ని బురదగా మార్చుతుంది.

బీటలను చదవడం

మరమ్మతుకు ముందు కారణాన్ని తెలుసుకోవలెను. వెంట్రుకవలె, ఒక మిల్లీమీటరు లోపు ఉన్న బీట సాధారణంగా పూతకు సంబంధించినది. కిటికీ మూల నుండి మెట్లమెట్లుగా దిగే బీట పునాది కుంగుటను సూచిస్తుంది. బళ్లారి, చంద్రపూరు ప్రాంతాల నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొంటుంది. కనుక అక్కడి ఇండ్లలో ఎండాకాలం తెరుచుకొని వానాకాలం మూసుకొనే బీటలు కనిపిస్తాయి. అట్టి బీటను గట్టి సిమెంటుతో నింపితే పక్కనే మరొకటి పుడుతుంది.

బీట పెరుగుచున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన పద్ధతి ఉన్నది. బీట కొనలవద్ద పెన్సిలుతో గీతగీసి తేదీ వ్రాయవలెను. బీటకు అడ్డంగా సన్నని గాజుముక్కను రెండు కొనలయందు అతికించవలెను. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేవరకు గమనించి, కదలిక ఆగిన బీటనే పూడ్చాలి. 5 మిల్లీమీటర్లు దాటి పెరుగుచున్న బీట ఉంటే మేస్త్రితో సరిపెట్టక ఇంజనీరుకు చూపాలి.

గోడ మధ్య ఉబ్బితే అది మరింత తీవ్రమైన లక్షణం. పాత రాతిగోడలలో లోపలి ముఖం, బయటి ముఖం వేరువేరుగా పేర్చి నడుమ చిన్నరాళ్లు, మట్టి నింపేవారు. అడ్డంగా రెండు ముఖాలను కలిపే రాళ్లు తక్కువైనచోట, కప్పునుండి నీరు నడుమకు దిగినచోట ముఖం విడిపోతుంది. తూకపు గుండు వేలాడదీసి చూస్తే ఉబ్బు ఎంతో తెలుస్తుంది. అట్టి గోడపై పూత వేయడం ప్రమాదాన్ని దాచడమే అవుతుంది.

నీటిని దూరం చేయడం

గోడ జబ్బులలో అధికభాగం నీటివలననే కలుగుతాయి. కనుక తాపీ పట్టుటకు ముందు నీటి దారి మార్చాలి. గోడ పాదం నుండి నేల బయటికి వాలుగా ఉండాలి. స్నానాల గది కాలువ, కుండీ ఊట, చూరు నీరు గోడవద్ద నిలువరాదు.

వీధి ఎత్తు మరొక చిక్కు. పాత రోడ్డును తవ్వకుండా దానిపైననే సిమెంటు రోడ్డు పొరలు వేయడం వలన పల్లెలలో పలు ఇండ్ల అరుగులు వీధి మట్టానికి దిగిపోయినవి. వానకు వీధి నీరు పునాదిలోకి చేరుతుంది. ఈ స్థితిలో గోడకు ఎంత పూత వేసినా ప్రయోజనం లేదు. ఇంటి పక్క మురుగు కాలువ లోతుగా సాగునట్లు, కొత్త పొర వేయుటకు ముందు పాత పొరను తవ్వునట్లు వీధివారందరు కలిసి పంచాయతీని అడగడం అవసరం. ఇంటివరకు చేయగలిగినది గోడ వెంట నిస్సారమైన కాలువ తీసి నీటిని దిగువకు పంపడం. పునాది పక్కన లోతైన గొయ్యి ఒకేసారి పొడవునా తవ్వరాదు.

నేలచెమ్మ సాధారణంగా గోడలో ఒక మీటరు ఎత్తువరకు ఎక్కుతుంది. తెల్లని ఉప్పు పొడి దాని గురుతు. ఆ ఉప్పును పొడిబ్రష్షుతో దులిపి, క్రింద రాలినదానిని ఎత్తి దూరంగా పారవేయాలి. కడిగితే అది మళ్లీ గోడలోకే ఇంకుతుంది.

సున్నపు గార తయారీ

అప్పుడే కాల్చిన సున్నపు గడ్డలు శ్రేష్ఠం. గాలికి ఆరి పొడియైన పాత సున్నానికి బలం ఉండదు. నీరు చల్లగానే పొంగి వేడెక్కితే సున్నం మంచిదని గ్రహించాలి. తొట్టిలో నీరు ముందు పోసి అందులో సున్నం కొద్దికొద్దిగా వేయాలి. గడ్డలపై నీరు కుమ్మరిస్తే చిమ్మి కళ్లు, చర్మం కాలే ప్రమాదమున్నది. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. పిల్లలను, పశువులను దగ్గరకు రానీయరాదు. కంటిలో పడితే మంచినీటితో చాలాసేపు కడిగి వెంటనే వైద్యుని వద్దకు పోవాలి.

ఆరిన సున్నాన్ని నీటి అడుగున కనీసం రెండు వారాలు నిలువచేసి వాడితే పూత పొక్కదు. గోడ కట్టుటకు, పూతకు సున్నం 1 పాలు, ఇసుక 3 పాళ్లు సాధారణ కొలత. చెమ్మ తగిలేచోట సున్నం 1, ఇటుకపొడి 1, ఇసుక 2 పాళ్లుగా కలపవచ్చు. బాగా మాడిన ఇటుకల పొడి పనికిరాదు. యానాము, గంజాం తీరాలలో సముద్రపు ఇసుక అసలే వాడరాదు, అందులోని ఉప్పు గోడను తింటుంది. గానుగలో తిప్పినా, రోలులో దంచినా, కలిపినకొలదీ గార బిగువవుతుంది. కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలపడం పూర్వాచారం. పాళ్లు తెలిసిన మేస్త్రి ఉంటేనే ఆ జోలికి పోవాలి. కట్టుబడి సున్నానికి ఐ.ఎస్. 712 అను భారతీయ ప్రమాణం ఉన్నది. దుకాణంలో కొనేటప్పుడు ఆ గుర్తు చూడవచ్చు.

సందులు, పూతలు

సందులలో గార రాలిపోయినప్పుడు, సందు వెడల్పుకు రెండింతల లోతువరకు పాత గారను తొలగించాలి. 20 మిల్లీమీటర్లకు తక్కువ కారాదు. చిన్న ఉలి, సుత్తి చాలు. కరెంటు కోతమిషను ఇటుక అంచులను తినివేస్తుంది. దుమ్ము దులిపి, సందు తడిపి, గారను వెనుకనుండి ముందుకు అదిమి నింపాలి. గార ఇటుక ముఖంమీదికి పాకరాదు.

పూత ఒక్కో పొర 12 నుండి 15 మిల్లీమీటర్ల మందం మించకూడదు. మొదటి పొర బిగిసిన తరువాతనే రెండవది వేయాలి. కనీసం వారం రోజులు తడిగోనెలు కట్టి ఎండనుండి కాపాడాలి. పైన సున్నపు వెల్ల, జాజు వంటివి వేయవచ్చు. ప్లాస్టిక్, ఆయిల్ రంగులు ఆవిరికి అడ్డుపడతాయి.

మట్టిగోడకు అదే ఊరి మట్టి, తరిగిన గడ్డి కలిపి నీటితో కొన్నాళ్లు మాగబెట్టిన అడుసు ఉత్తమం. వాన చినుకులు చిమ్మి గోడ పాదం కరిగినచోట రాతితో సందు నింపి, చూరును ముందుకు పొడిగిస్తే కోత ఆగుతుంది.

కప్పు, దూలాలు

చవుడు మన్ను తడిసినప్పుడు దాని రేణువులు రంధ్రాలను మూసి నీటిని దిగనీయవు. అందువలననే మిద్దెపై దానిని పరచేవారు. వానకు అది ఏటేటా కొంత కొట్టుకొనిపోతుంది. తొలకరికి ముందు కొత్త మన్ను చల్లి, దిమ్మిస కొట్టి, నీరు పోవు గొట్టాలను శుభ్రపరచాలి. అయితే ఏటేటా వేసిన మన్ను పేరుకొని బరువు పెరగరాదు. పాత పొరను గీకి కొత్తది వేయడం క్షేమం. కారుతున్న మిద్దెపై సిమెంటు కాంక్రీటు పోస్తే ఆ భారం పాత దంతెలు మోయలేకపోవచ్చు.

దూలం గోడలో దూరిన కొన భాగమే ముందు కుళ్లుతుంది, చెదలు పట్టేది కూడా అక్కడనే. సుత్తితో తడితే బోలుశబ్దం వచ్చినా, ఆరె సులువుగా దిగినా జబ్బు ఉన్నట్లే. దానిని మార్చుటకు ముందు క్రింద పలక పరచి, దానిపై గుంజలు నిలిపి, చీలలు బిగించి కప్పును మోయించాలి. గోడలో మొలిచిన రావి, మర్రి మొక్కలను మొలకగానే తొలగించాలి. వేరు పాకిన తరువాత బలంగా పెరికితే రాళ్లు కదులుతాయి. అప్పుడు కాండం నరికి, వేరును చంపి, నెమ్మదిగా రాళ్లు తీసి తిరిగి పేర్చాలి.

మేస్త్రి, ఒప్పందం

సున్నపు పని తెలిసిన మేస్త్రులు తగ్గిపోయినారు. పెద్దవయసు వారిని అడిగితే గుడి, మఠం, పాత చావడి మరమ్మతులు చేసినవారి పేర్లు దొరుకుతాయి. పని అప్పగించుటకు ముందు చాటుగా ఒక చదరపు మీటరు మేర నమూనా వేయించి, ఆరిన పిదప చూడాలి. ఏ గార, ఏ పాళ్లు, ఎన్ని పొరలు, సామగ్రి ఎవరిది, కొలత ఏ విధాన అన్న విషయాలు కాగితంపై వ్రాసుకోవాలి. మొత్తం కూలిని ముందే ఇవ్వక, కొంతభాగం ఒక వాన గడిచిన తరువాత ఇచ్చునట్లు ఒప్పుకోవడం ఉభయులకు క్షేమం. ఉమ్మడి గోడ అయితే పొరుగువారి సమ్మతి ముందు తీసుకోవాలి. అన్నదమ్ముల వాటాల ఇంటిలో ఖర్చు పంపకం కూడా అప్పుడే తేల్చుకోవాలి.

హంపి వంటి రక్షిత కట్టడాల సమీపంలో ఇల్లున్నవారు 2010 నాటి చట్ట సవరణను గుర్తుంచుకోవాలి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకైనా ముందుగా అనుమతి పొందాలి.

ఏడాది క్రమం

రోహిణి కార్తె ముగిసేలోగా కప్పు, గొట్టాలు, చూరు సరిచూసుకోవాలి. మృగశిర నుండి వాన పడిన ప్రతిసారీ గోడలో తడి ఎక్కడ మొదలవుచున్నదో గమనించి గురుతు పెట్టాలి. దీపావళి నుండి శివరాత్రివరకు సున్నపు పనికి అనువైన కాలం. ఈశాన్య ఋతుపవనాల వానలుండే తమిళనాడు సరిహద్దులలో సంక్రాంతి తరువాత మొదలుపెట్టడం మంచిది. యానాము, గంజాం తీరాలలో అక్టోబరు, నవంబరు మాసాలు తుపానుల కాలం. 1996 నవంబరు తుపాను కాకినాడ, యానాము ప్రాంతాన్ని, 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం తీరాన్ని తాకినవి. అక్కడ పెంకులు, పిట్టగోడలు సెప్టెంబరులోగా బిగించుకోవాలి.

ఇల్లు విడువవలసిన వేళ

ఎడతెగని వానలో గోడ నుండి మన్ను రాలడం, కర్ర పగిలే చప్పుడు వినిపించడం, తలుపు హఠాత్తుగా బిగుసుకొనడం, కప్పు కుంగడం, నిన్న లేని ఉబ్బు నేడు కనిపించడం, ఇవి కూలుటకు ముందు సూచనలు. వీటిలో ఏది కనిపించినా సామాను కోసం ఆగక వృద్ధులను, పిల్లలను, ఆ గోడ పక్కన కట్టిన పశువులను బయటికి తరలించాలి. నానిన గోడ వాన వెలిసిన తరువాత కూడా కూలవచ్చు. కనుక పూర్తిగా ఆరి, తెలిసినవారు పరీక్షించేవరకు ఆ గదిలో నిద్రించరాదు.