స్పర్శ రేఖాగణితం

చూపు లేని విద్యార్థి రేఖలను, కోణాలను, ఆకృతులను వేళ్లతో తడిమి నేర్చుకునే పద్ధతిని స్పర్శ రేఖాగణితం అనవచ్చు. చూపున్నవారు బొమ్మను మొదట మొత్తంగా గ్రహిస్తే, అంధ విద్యార్థి ఒక శీర్షం నుంచి మరొకదానికి వేలిని నడుపుతూ, తగిలిన భాగాలను కూర్చుకొని మొత్తాన్ని మనసులో నిర్మించుకుంటాడు. అందువల్ల గీతలు, అక్షరాలు కిక్కిరిసిన బొమ్మ అతనికి పనికిరాదు. రబ్బరు పలకపై పల్చని ప్లాస్టిక్ కాగితం పరచి గట్టిగా గీస్తే గీత పైకి ఉబ్బుతుంది. పళ్ల చక్రాన్ని బ్రెయిలీ కాగితంపై నడిపితే మాత్రం ఉబ్బు వెనకవైపు వస్తుంది కనుక, కుడియెడమలు తారుమారు చేసి గీయాలి. మేకుల పలకకు రబ్బరు బ్యాండ్లు తగిలిస్తే త్రిభుజాన్ని సాగదీసి పరిశీలించవచ్చు. అచ్చుబొమ్మకు ఈ సౌలభ్యం లేదు. 1711లో కేంబ్రిడ్జిలో గణితాచార్యుడైన అంధుడు నికొలస్ సాండర్సన్ కూడా సూదుల పలకనే వాడాడు.

హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివిన బొల్లా శ్రీకాంత్‌కు పదో తరగతి తర్వాత సైన్సు కోర్సులో ప్రవేశం నిరాకరించినప్పుడు, బొమ్మలు, గ్రాఫులే అడ్డంకిగా చూపారు. బొమ్మలను తడిమి కూడా నేర్చుకోవచ్చు కనుక ఆ వాదన బలహీనమైనది. ఆయన న్యాయస్థానంలో గెలిచి, అనంతరం అమెరికాలోని ఎంఐటీలో చదివాడు.

హైదరాబాదులో పోటీ పరీక్షల శిక్షణకు పేరుపడ్డ అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతాల అంధ అభ్యర్థులకూ ఆకృతుల కొలతలను లెక్కించే క్షేత్రగణితం తరచూ ఎదురయ్యే పాఠమే. పరీక్షలో చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ సాయం పొందే అంధ అభ్యర్థికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ 2018 మార్గదర్శకాలు నిర్దేశించాయి.