కుక్కతో కారు ప్రయాణం: ఆపిన కారులోనే ఎక్కువ ప్రమాదం

పండక్కో, పెళ్లికో, వేసవి సెలవులకో సొంతూరికి బయల్దేరే కుటుంబాలు ఇప్పుడు కుక్కనూ వెంట తీసుకెళ్తున్నాయి. బెంగళూరు, హోసూరు వాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం, కర్నూలు వైపు వెళ్తారు. చెన్నై, బరంపురం వాళ్లకు 16వ నంబరు రహదారి, షోలాపూర్ వాళ్లకు 65వ నంబరు రహదారి. చెన్నై నుంచి విజయవాడకే సుమారు 450 కిలోమీటర్లు. ఇంత దూరంలో టిఫిన్‌కు, టీకి, దర్శనానికి కారు ఆపక తప్పదు. కుక్క ప్రాణానికి ఎక్కువ ముప్పు వచ్చేది అలా ఆపినప్పుడే.

ఆపిన కారులో ఏమవుతుంది?

బయట 29 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున, ఎండలో ఆపిన కారులో పది నిమిషాలకే వేడి దాదాపు 39 డిగ్రీలకు, అరగంటకు 49 డిగ్రీల దాకా చేరుతుంది. అద్దాల్లోంచి వచ్చే ఎండ సీట్లను, డాష్‌బోర్డును కాలుస్తుంది. ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. అద్దం రెండు వేళ్ల సందు దించి ఉంచినా పెద్దగా తేడా రాదు. 29 డిగ్రీలు మనకు సంక్రాంతి మధ్యాహ్నాల్లో కూడా మామూలే కాబట్టి ఇది వేసవి సంగతి మాత్రమే అనుకోకూడదు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల మధ్య ఉంటుంది. మనలా దానికి ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల మెత్తల్లో మాత్రమే కాస్త పడుతుంది. నాలుక చాచి రొప్పుతూనే అది ఒంటిని చల్లబరుచుకుంటుంది. చుట్టూ ఉన్న గాలే వేడెక్కితే ఆ రొప్పు పనిచేయదు. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే మెదడు, మూత్రపిండాలు, పేగులు దెబ్బతింటాయి. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు, ముసలివాటికి, లావుగా ఉన్నవాటికి ముప్పు ఇంకా త్వరగా వస్తుంది.

అందుకే కుక్క కారులో ఉంటే ఒక మనిషి కూడా దాని దగ్గర ఉండాలి. హోటల్లో వంతులవారీగా తినండి. ఒంటరిగా వెళ్తుంటే పార్సిల్ తెప్పించుకోండి. గుడిలో క్యూ ఎంతసేపో మన చేతిలో ఉండదు కాబట్టి దర్శనం ఉన్న రోజు కుక్కను ఇంటి దగ్గర ఎవరికైనా అప్పగించడమే మేలు. ఏసీ వేసి తాళం పెట్టి వెళ్లడం కూడా భద్రం కాదు. మీరు లేనప్పుడు ఇంజన్ ఆగిపోతే దాన్ని చూసేవాళ్లుండరు.

వడదెబ్బ తగిలితే

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ కారడం, చిగుళ్లు ఎర్రబారడం, తూలడం, వాంతులు, విరేచనాలు వడదెబ్బకు గుర్తులు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది.

ముందు చల్లబరచండి, తర్వాతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నీడలోకి చేర్చి ఒళ్లంతా తడిసేలా కుళాయి నీళ్లో, తాగే నీళ్లో పోస్తూ విసరండి. పొట్ట, తొడల లోపలి వైపు బాగా తడవాలి. తడి గుడ్డ కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే ఉంచుతుంది. స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా నీళ్లు తాగనివ్వండి, నోట్లో బలవంతంగా పోయకండి. ఇది జ్వరం కాదు, జ్వరం బిళ్లలు పనిచేయవు. పైగా పారాసిటమాల్ కుక్కకు విషమయ్యే ప్రమాదం ఉంది. తేరుకున్నట్టు కనిపించినా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి. లోపలి అవయవాల దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది.

కారులో ఎక్కడ కూర్చోబెట్టాలి?

వెనక సీటే సరైన చోటు. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే కుక్క ప్రాణానికే ముప్పు. డ్రైవర్ ఒళ్లో అసలు పెట్టుకోకూడదు. వదిలేసిన కుక్క సడన్ బ్రేకు పడితే ఎగిరి ముందుకు పడుతుంది, ముందున్న మనుషులకూ దెబ్బ తగులుతుంది.

చిన్న కుక్కకు గాలాడే క్రేట్ కొని, దాన్ని సీటు బెల్టుతో కదలకుండా కట్టండి. అది లోపల నిలబడి, ఒక చుట్టు తిరిగి పడుకోగలగాలి. పెద్ద కుక్కకు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వేసి, దాన్ని సీటు బెల్టుకు తగిలించండి. మెడ బెల్టుకు మాత్రం తగిలించొద్దు, బ్రేకు పడితే మెడ విరగొచ్చు. తమిళనాడు రాజుల ఊరు రాజపాళయం పేరుతో పిలిచే తెల్ల కుక్క పొడగరి. మామూలు క్రేట్‌లో ఇరుక్కుంటుంది, హార్నెస్సే నయం. ఆ జాతిలో పుట్టు చెవుడు కూడా కనిపిస్తుంది. పిలుపు, హారన్ వినపడవు కాబట్టి దాన్ని రోడ్డు పక్కన గొలుసు లేకుండా దించనే కూడదు.

కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి. దుమ్ము, పురుగులు కళ్లలో పడతాయి. లోడు ఆటో వెనక మెడకు తాడు కట్టి తీసుకెళ్లడం మరీ ప్రమాదం. అనవసరమైన బాధ కలిగేలా జంతువును తరలించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం.

వాంతులు, తిండి

పిల్లలకు చెవి లోపలి భాగం పూర్తిగా ఎదగదు కాబట్టి వాంతులు ఎక్కువ, పెద్దయ్యాక చాలావాటికి తగ్గుతాయి. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే కొద్దిగా తిండి పెట్టండి. నీళ్లు మాత్రం ఆపొద్దు. మనం వేసుకునే వాంతుల బిళ్ల సొంతంగా ఇవ్వకండి. కుక్కల మందు వేరే ఉంది, పశువైద్యుణ్ని అడిగి తీసుకోండి. పెద్ద ప్రయాణానికి ముందు పది, ఇరవై నిమిషాలు ఊళ్లో తిప్పి అలవాటు చేస్తే సగం భయం పోతుంది.

దారిలో, ఊరు చేరాక

తెల్లవారుజామునే బయల్దేరి ఎండ ముదిరేలోపు ఎక్కువ దూరం వెళ్లిపోండి. రెండు మూడు గంటలకోసారి ఆపి నీళ్లు పట్టండి, నడిపించండి. ముందు గొలుసు తగిలించి, తర్వాతే తలుపు తీయాలి. తారు రోడ్డు మీద మీ చెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి.

ఊళ్లో వీధి కుక్కలు, గోమార్లు, పండగ టపాసుల మోత ఉంటాయి. రేబీస్ టీకా గడువు దాటకుండా చూసుకోండి. గోమార్ల మందు ముందే వేయించండి. ఉల్లిపాయ పడ్డ గారెలు, కిస్‌మిస్ వేసిన పాయసం, ఉడికిన కోడి ఎముకలు చుట్టాలు ముద్దుగా పెట్టబోయినా వద్దని చెప్పండి.

వెంట ఉండాల్సినవి

- టీకా కార్డు, పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, నగరపాలక సంస్థ లైసెన్సు
- మెడ బెల్టుకు మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల, ఫోన్‌లో దాని ఫొటో
- దానికి విడిగా ఐదు లీటర్ల నీళ్లు, గిన్నె, అలవాటైన తిండి
- పాత దుప్పటి, తువ్వాళ్లు, పాలిథిన్ సంచులు
- దారిలోని రెండు మూడు ఊళ్ల పశువైద్యుల నంబర్లు

ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో ప్రభుత్వ ఆస్పత్రి బోర్డు మీద 'పశువైద్యశాల' అని ఉంటుంది. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని మన పిల్లలు కారు నడుపుతుంటే ఆ మాట ముందే చూపించి ఉంచండి.